గొంతు బదులు ట్యాబ్‌తో మాట్లాడే ఉద్యోగి మీ టీమ్‌లో చేరుతుంటే

కొత్తగా చేరబోయే అమ్మాయి ట్యాబ్‌లో టైప్ చేసి మాట్లాడుతుందని హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. లేదా పక్షవాతంతో కొన్ని నెలలు సెలవులో ఉన్న పాత సహోద్యోగి చేతిలో అక్షరాల బోర్డుతో మళ్లీ డ్యూటీకి వస్తున్నారు. టీమ్ లీడ్‌గానో, సెక్షన్ సూపరింటెండెంట్‌గానో ఏర్పాట్లు మీ నెత్తిన పడ్డాయి. వాటిలో సగం ఆ మనిషి రాకముందే అయిపోవాలి. చేరిన రోజున పరుగులు పెడితే మొదటి వారమంతా చార్జర్లు వెతకడంతోనే సరిపోతుంది.

ముందు ఆ మనిషినే అడగండి

కనీసం పది రోజుల ముందు మెయిల్‌లోనో వాట్సాప్‌లోనో ఈ ప్రశ్నలు పంపండి. ఏ పరికరం వాడతారు? అది పాడైతే దేనితో మాట్లాడతారు? టైప్ చేస్తుండగా మేం స్క్రీన్ చూడొచ్చా? సగం వాక్యానికే అర్థమైపోతే మేం పూర్తి చేసేయొచ్చా, చివరిదాకా ఆగాలా? ఫోన్ కాల్స్ తీసుకుంటారా?

మూడో, నాలుగో ప్రశ్నలకు జవాబు మనిషికో రకంగా ఉంటుంది. కొందరికి పదం అందిస్తే హాయి. కొందరికి ఒళ్లు మంట. ఊహించుకోకండి. వచ్చిన జవాబులను ఒక పేజీలో రాసి, ఆమెకు చూపించి, ఆమె సరేనన్నాకే టీమ్‌కు పంపండి.

జబ్బు వివరాలు అడగక్కర్లేదు. ఆమె చెబితే మాత్రం వినండి, ఎందుకంటే ఏర్పాట్లు దాన్ని బట్టే మారతాయి. సెరిబ్రల్ పాల్సీ (చిన్నప్పుడే మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే స్థితి) ఉన్నవాళ్లలో కొందరికి చేయి వణుకు వల్ల పక్క అక్షరం నొక్కుకుపోతుంది. ప్రతి అక్షరం మీదా రంధ్రం ఉండే ప్లాస్టిక్ పలకను స్క్రీన్ మీద బిగిస్తే టైపింగ్ నిలకడగా సాగుతుంది. క్యాన్సర్ వల్ల స్వరపేటిక తీసేసినవాళ్లు మెడకు ఆనించే చిన్న యంత్రంతో మాట్లాడొచ్చు. అది పట్టుకోవడానికి ఒక చేయి పోతుంది కాబట్టి మాట్లాడుతూ ఫైలు తిప్పమంటే కుదరదు. వాళ్ల ఊపిరి మెడ కింది రంధ్రం నుంచే నడుస్తుంది. ముక్కు చేసే వడపోత ఉండదు కనుక పాత రికార్డు రూముల దుమ్ము, కొత్త పెయింటు ఆవిర్లు మనకంటే వాళ్లను ఎక్కువ ఇబ్బంది పెడతాయి. కండరాలు క్రమంగా చచ్చుబడే మోటార్ న్యూరాన్ జబ్బులో ఈ నెల వేలితో నొక్కిన మనిషి కొన్ని నెలలకు కంటిచూపుతో టైప్ చేసే యంత్రానికి మారాల్సి రావచ్చు. అక్కడ ఏర్పాట్లను రెండు నెలలకోసారి మళ్లీ చూసుకోవాలి.

పక్షవాతం తర్వాత అఫేసియా వచ్చినవాళ్ల సంగతి వేరు. అందులో చెడేది నోరు కాదు, మాట వెతుక్కునే దారి. అందుకే "మాట రాకపోతే టైప్ చేయండి" అంటే పని జరగదు, టైపింగ్‌లోనూ అదే తడబాటు ఉంటుంది. వాళ్లకు తెల్లకాగితం, లావు మార్కర్ కావాలి. మూడు జవాబులు పెద్దక్షరాలతో రాసి, నాలుగోది 'వేరే' అని రాసి వేలు పెట్టమనండి. ఒకసారికి ఒకే ప్రశ్న. 'వేరే' మర్చిపోతే, మీరిచ్చిన మూడింటిలో ఏదో ఒకటి ఒప్పుకోక తప్పని స్థితిలోకి వాళ్లను నెట్టినట్టే.

తెలుగు గొంతును పరీక్షించండి

చదవడం, రాయడం వచ్చిన పెద్దవాళ్లు ఎక్కువగా టైప్ చేసింది పలికే యాప్‌నే వాడతారు. చెన్నైలో పుట్టిన అవాజ్, ఐఐటీ బాంబేలో రూపొందిన జెల్లో లాంటి, బొమ్మ నొక్కితే మాట పలికే యాప్‌లు కూడా ఉన్నాయి. ఏది నప్పుతుందో తేల్చాల్సింది ఆమె, ఆమె స్పీచ్ థెరపిస్టు. మీరు చేయాల్సింది ఆ యాప్ మీ ఆఫీసు మాటల్ని ఎలా పలుకుతోందో ఆమెతో కూర్చుని ఒక గంట వినడం.

మొదట దొరికే లోపం: చాలామంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. దాన్ని ఇంగ్లిష్ గొంతు చదివితే ఎవరికీ అర్థం కాదు. జీబోర్డులో ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు లిపి వచ్చే కీబోర్డు ఉంది, అది పెట్టుకుంటే చాలు. రెండోది అంకెలు. పది అంకెల ఫోన్ నంబరును కలిపి రాస్తే చాలా గొంతులు దాన్ని వందల కోట్లుగా చదువుతాయి. అంకెల మధ్య ఖాళీలు వదలాలి. తేదీని 05-03 అని కాకుండా "మార్చి 5" అని రాయాలి. మూడోది పేర్లు. టీమ్‌లో అందరి పేర్లు, క్లయింట్ల పేర్లు, రోజూ వాడే పొట్టి పేర్లు ఒక జాబితాగా రాసి ఒక్కొక్కటే పలికించండి. తప్పు పలికినవాటికి స్పెల్లింగ్ మార్చి నిల్వ చేయండి. తెర మీద వింతగా కనిపించినా పలుకు సరిగ్గా వస్తే పని అయినట్టే.

ఏ గొంతు పెట్టుకోవాలో మీరు సలహా ఇవ్వకండి. పరికరంతో మాట్లాడిన భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ 1980ల నాటి యంత్రపు గొంతునే చివరిదాకా ఉంచుకున్నారు. అంతకంటే సహజంగా పలికేవి వచ్చాక కూడా మార్చలేదు. అప్పటికి అదే ఆయన గొంతు.

ముందే నిల్వ చేసుకునే మాటలు

మామూలుగా మాట్లాడే మనిషి ఇంగ్లిష్‌లో నిమిషానికి 150 పదాల చుట్టుపక్కల మాట్లాడతారు. పరికరంతో చాలామందికి 15 దాటదు. తెలుగులో పోల్చడం ఇంకా కష్టం, 'వెళ్లాల్సివచ్చింది' మనకు ఒకటే పదం. కాబట్టి తరచూ అవసరమయ్యే ముప్పై నలభై వాక్యాలు ఒక్క నొక్కుకు పలికేలా ఉండాలి. ఆమె దగ్గర ఇంట్లో వాడేవి ఎలాగూ ఉంటాయి. ఆఫీసువి చేర్చుకోవడానికి మొదటి వారంలో పని గంటల్లోనే రోజుకు అరగంట ఇవ్వండి.

అన్నింటికంటే ముందు కావాల్సినవి సంభాషణను ఆపేవి, మళ్లించేవి: "టైప్ చేస్తున్నా, ఒక్క నిమిషం." "నేనన్నది అది కాదు." "ఇందాకటి విషయం గురించి ఒక మాట." "నాకు అభ్యంతరం ఉంది." "మధ్యలో అందుకోకండి ప్లీజ్." 'గుడ్ మార్నింగ్', 'థాంక్యూ' ఎన్ని ఉన్నా, ఇవి లేకపోతే మీటింగ్‌లో మనిషి కుర్చీకే పరిమితం.

పుస్తక భాష వద్దు. "నేను భోజనమునకు వెళ్లుచున్నాను" అని ట్యాబ్ పలికితే క్యాంటీన్‌లో నవ్వుకుంటారు. "లంచ్‌కి వెళ్తున్నా" చాలు. మన భాషలో ఇంకో చిక్కుంది. మేనేజర్‌తో "పంపారా?" అనాలి, పక్క సీటు స్నేహితుడితో "పంపావా?" అనాలి. ఒకటే నిల్వ చేస్తే అయితే అందరితోనూ బిగుసుకుపోయినట్టు, లేకపోతే పెద్దాయనతో పొగరుగా ఉన్నట్టు వినిపిస్తుంది. తరచూ వాడే ప్రశ్నలకు రెండు రూపాలూ ఉంచుకోమనండి. జోకులకు కూడా ఒక పేజీ ఉండాలి. టైప్ చేసేలోపు నవ్వాల్సిన క్షణం దాటిపోతుంది కాబట్టి "అబ్బో!", "చాల్లే ఊరుకో" లాంటివి ఒక్క నొక్కులో రావాలి.

ట్యాబ్ చచ్చిపోయిన రోజుకు బోర్డు

చార్జింగ్ అయిపోతుంది. అప్‌డేట్ మధ్యలో ఇరుక్కుంటుంది. కింద పడుతుంది. అందుకే ఒక అక్షరాల బోర్డు ఆమె సంచిలో, ఒకటి మీటింగ్ రూములో ఉండాలి. ఆమె దగ్గర అప్పటికే ఉంటే అదే ఫొటోకాపీ తీయించండి. లేకపోతే ఇలా చేయొచ్చు.

ఏ4 కాగితాన్ని అడ్డంగా పెట్టి 2 సెంటీమీటర్ల గళ్లు గీయండి. అడ్డంగా 13, నిలువుగా 8 పడతాయి. మొదటి వరసలో అ నుంచి ఔ వరకు, ఋ, ౠ వదిలేస్తే, 12 అచ్చులు, చివర సున్నా (ం): సరిగ్గా 13. ఆ కింది అయిదు వరసల్లో ఎడమవైపు అయిదు గళ్లలో క, చ, ట, త, ప వర్గాలు ఒక్కో వరసగా. పక్క రెండు నిలువు వరసల్లో య ర ల వ శ, ష స హ ళ క్ష. కుడివైపు మిగిలిన ముప్పై గళ్లలో పదింటికి 0 నుంచి 9 అంకెలు, మిగతావాటిలో అవును, కాదు, తెలియదు, వత్తు, పొల్లు, తప్పు వెనక్కి, కొత్త పదం, అయిపోయింది. మాటలకు రెండేసి గళ్లు కలిపేయండి. చివరి రెండు వరసలు టీమ్ పేర్లకూ, రోజువారీ మాటలకూ.

వర్గాల క్రమాన్ని చెదరగొట్టకండి. పలక పట్టిన నాటి నుంచి అందరి కళ్లకూ అలవాటైన వరస అది, వెతుకులాట తగ్గుతుంది. వేలు పెట్టలేని మనిషైతే మీరే "కవర్గమా? చవర్గమా?" అని వరసగా అడుగుతూ పోవచ్చు. కనురెప్పో, తలో ఊపగానే ఆ వరసలో అక్షరాలు చెప్పాలి. 'సంతకం' కావాలంటే స, సున్నా, త, క, సున్నా. 'కర్ర'కు క, ర, వత్తు, ర. వినేవాళ్లు ఒక్కో అక్షరం పైకి చదువుతూ కాగితం మీద రాసుకోవాలి. గుర్తుంచుకుందాం అనుకుంటే ఏడో అక్షరానికి మొదటిది మర్చిపోతారు.

చేయి వణికేవాళ్లకు 3 సెంటీమీటర్ల గళ్లు మేలు. అప్పుడు 9 అడ్డం, 6 నిలువు, మొత్తం 54. అక్షరాలు రెండు కాగితాలకు పంచాలి. లామినేషన్ మెరిసేది వేయిస్తే ట్యూబ్‌లైటు ప్రతిబింబం పడి సగం అక్షరాలు కనిపించవు. మ్యాట్ లామినేషన్ అడగండి.

ఒక హెచ్చరిక. సాయం పేరుతో ఆమె మణికట్టో మోచేయో పట్టుకుని అక్షరాల మీదికి నడిపించకండి, ఎవరినీ అలా చేయనివ్వకండి. అలా వచ్చిన మాటలు పట్టుకున్నవాళ్లవే అవుతున్నాయని పరీక్షల్లో మళ్లీ మళ్లీ తేలింది. పట్టుకున్నవాళ్లకు కూడా తాము నడిపిస్తున్నట్టు తెలియదు. బోర్డును స్టాండుకు బిగించండి, చేతిని వదిలేయండి.

గేటు, ఐటీ శాఖ

చాలా కాల్ సెంటర్లలో, బ్యాంకింగ్ ప్రాజెక్టుల ఫ్లోర్లలో ఫోన్లు, ట్యాబ్‌లు బయట లాకర్‌లో పెట్టి లోపలికి వెళ్లాలి. ఉద్యోగి మొదటి రోజే గేటు దగ్గర ఆగిపోయేది ఇక్కడే. సెక్యూరిటీ గార్డు "ట్యాబ్ ఇక్కడ పెట్టండి మేడమ్" అంటారు. ఆమె గొంతే ఆ ట్యాబ్. వివరించడానికి ఇంకోటి లేదు.

అందుకే చేరే తేదీకి వారం ముందే రాతపూర్వక మినహాయింపు తీసుకోండి. పరికరం సీరియల్ నంబరు, అది ఏ ఫ్లోర్లకు వెళ్తుంది, కెమెరాకు ఏం చేస్తారు (సీలు స్టిక్కర్ వేస్తే సాధారణంగా ఒప్పుకుంటారు) అందులో ఉండాలి. కాపీ మూడు షిఫ్టుల గార్డుల దగ్గరా ఉండాలి. పగటి షిఫ్టుకు చెప్పి ఊరుకుంటే రాత్రి షిఫ్టులో మళ్లీ అదే గొడవ. కంటిచూపు యంత్రమైతే స్టిక్కర్ వేయకండి, అది కెమెరాలతోనే పనిచేస్తుంది.

ఐటీ వాళ్లు ట్యాబ్‌ను కంపెనీ అదుపులో ఉంచే సాఫ్ట్‌వేర్ ఎక్కించాలని పట్టుబట్టవచ్చు. దూరం నుంచి డేటా చెరిపేసే అధికారం మాత్రం అందులో ఉండకూడదు. ఏళ్లపాటు కూర్చుకున్న పదజాలం ఒక్క పొరపాటు క్లిక్‌తో పోతుంది. పదజాలం ఫైలును నెలకోసారి ఆమె సొంత ఖాతాలో బ్యాకప్ తీసుకోమని గుర్తు చేయండి.

ఎవరైనా "ఇవన్నీ ఎందుకు" అంటే చూపించడానికి చట్టం ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. సంభాషణ అన్న మాటకు అది ఇచ్చిన నిర్వచనంలోనే ఇలాంటి ప్రత్యామ్నాయ పద్ధతులు ఉన్నాయి. 20 మంది, అంతకుమించి ఉద్యోగులున్న ప్రైవేటు సంస్థ సమాన అవకాశాల విధానం రాసుకోవాలి, దివ్యాంగ ఉద్యోగుల నియామకం, సౌకర్యాలు చూసే ఒక లయజన్ ఆఫీసర్‌ను పెట్టాలి. ప్రభుత్వ ఉద్యోగికి సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే తీసేయడానికీ హోదా తగ్గించడానికీ వీల్లేదు. ఆ పోస్టు చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వాలి.

సీటు

ప్లగ్ పాయింటు చేతికందే దూరంలో ఉండాలి, ఎక్స్‌టెన్షన్ వైరు నడిచే దారికి అడ్డం రాకూడదు. చార్జర్లు రెండు: ఒకటి సీటు దగ్గర, ఒకటి మీటింగ్ రూములో. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ ఒకటి. ఏసీ గాలి హోరు, ప్యాంట్రీ గోల పక్కన కూర్చోబెట్టకండి, ట్యాబ్ గొంతు పెంచలేదు. కంటిచూపు యంత్రం ఇన్‌ఫ్రారెడ్ వెలుతురుతో పనిచేస్తుంది కనుక కిటికీ ఎండ నేరుగా పడితే తడబడుతుంది. కళ్ల నుంచి స్క్రీన్ సుమారు 60 సెంటీమీటర్లు. కుర్చీ మారినా, కళ్లజోడు మారినా యంత్రాన్ని కళ్లకు తగ్గట్టు మళ్లీ సరిచేసుకోవాలి (క్యాలిబ్రేషన్).

స్పీకర్ విడిగా కొంటే వైరుదే కొనండి. బ్లూటూత్ స్పీకర్ కాసేపు ఖాళీగా ఉంటే నిద్రలోకి వెళ్తుంది, లేచేలోపు మొదటి అక్షరాలు మింగేస్తుంది. "వద్దు" అన్నది "ద్దు" అవుతుంది. బ్లూటూత్ తప్పదంటే నిల్వ వాక్యాల ముందు "ఆఁ," చేర్చుకోమనండి, మింగేదేదో దాన్నే మింగుతుంది.

మీటింగ్

ఎక్కువ చెడేది ఇక్కడే, అదీ నాలుగు సెకన్లలో. లీడ్ అడుగుతారు: "శుక్రవారం రిలీజ్. ఎవరికైనా అభ్యంతరమా?" రెండు సెకన్లు చుట్టూ చూస్తారు. "లేదు కదా, సరే." అప్పటికి ఆమె ట్యాబ్ మీద "టెస్టింగ్ స" అని మాత్రమే ఉంది. రెండు నిమిషాల తర్వాత ట్యాబ్ "టెస్టింగ్ సర్వర్ గురువారం మెయింటెనెన్స్‌లో ఉంటుంది" అంటుంది. అప్పటికి అందరూ సెలవుల జాబితాలో ఉన్నారు. ఒకరు అయోమయంగా నవ్వుతారు, ఇంకొకరు "అది అయిపోయింది" అంటారు. శుక్రవారం రిలీజ్ ఆగిపోయాక గానీ ఆ వాక్యం ఎవరికీ గుర్తురాదు.

దీనికి మందు కూర్చుని ఎదురుచూడటం ఒక్కటే కాదు, క్రమం మార్చడం. అజెండా ముందురోజే పంపండి, ఆమె అభిప్రాయాలు టైప్ చేసి ఉంచుకుంటుంది. కొత్త ప్రశ్న వస్తే ఇలా అడగండి: "శుక్రవారం రిలీజ్ మీద అందరూ చెప్పాలి. మీరు టైప్ మొదలుపెట్టండి, ఈలోగా వీళ్లిద్దరూ చెబుతారు, తర్వాత మీ దగ్గరికే వస్తా." ఆమె టైప్ చేస్తున్నంతసేపు ఆ అంశం మూయకండి. మాట ఆలస్యంగా వచ్చినా "ఒక్క నిమిషం, రిలీజ్ దగ్గరికి వెనక్కి వెళ్దాం" అనాల్సింది మీటింగ్ నడిపేవాళ్లే. సూటిగా ఆమెనే అడిగిన ప్రశ్నకు మనసులో పది లెక్కపెట్టండి, ఇంకా టైప్ చేస్తుంటే మళ్లీ పది. మధ్యలో ప్రశ్నను వేరే మాటల్లో తిరగేసి అడిగితే ఆమె టైప్ చేసిందంతా చెరిపి మళ్లీ మొదలుపెట్టాలి. మంచి మనసుతో చేసే తప్పుల్లో అందరూ చేసేది ఇదే.

ట్యాబ్ పలుకుతున్నప్పుడు ట్యాబ్ వైపు కాకుండా ఆమె ముఖం చూడండి. వెంట అమ్మో, అటెండరో ఉంటే "ఈమె టీ తాగుతారా?" అని వాళ్లను అడగకండి.

ఫోన్, వీడియో కాల్

మామూలు ఫోన్ కాల్ మధ్యలో అదే ఫోన్‌లోని యాప్ పలికితే అవతలివాళ్లకు చాలాసార్లు వినపడదు. రెండు పరికరాలు కావాలి: ఫోన్ స్పీకర్‌లో పెట్టి, ట్యాబ్ స్పీకర్‌ను ఫోన్ మైకుకు దగ్గరగా ఉంచాలి. ఐఫోన్‌లో 2023 నుంచి ఉన్న లైవ్ స్పీచ్ కాల్‌లోకే నేరుగా పలుకుతుంది. జూమ్, టీమ్స్‌లలో గోలను తగ్గించే సెట్టింగ్ యంత్రపు గొంతును కూడా గోల కింద లెక్కేసి తొక్కేయవచ్చు, దాన్ని తగ్గించండి. యాప్ లాప్‌టాప్‌లోనే ఉంటే కంప్యూటర్ శబ్దం షేర్ చేసే ఆప్షన్ వాడండి. ఆమె చాట్‌లో రాస్తే దాన్ని ఉన్నది ఉన్నట్టు చదివే పని ముందే ఒకరికి అప్పగించండి. "ఆమె ఏమంటున్నారంటే..." అని సొంత మాటల్లో చెప్పడం వద్దు.

బయటివాళ్లకు ఫోన్ చేసినప్పుడు నిశ్శబ్దమో, యంత్రపు గొంతో వినగానే ఏదో లోన్ కాల్ అనుకుని కట్ చేస్తారు. మొదటి మాట నిల్వ వాక్యం కావాలి: "నమస్కారం, నేను మనిషినే, పరికరంతో మాట్లాడుతున్నాను. జవాబుకు కొంచెం టైం పడుతుంది, ఫోన్ పెట్టేయకండి."

అగ్నిప్రమాదం, లిఫ్టు

అరవలేని మనిషి లిఫ్టులో ఇరుక్కుంటే అక్కడి ఇంటర్‌కమ్ పనికిరాదు. సెక్యూరిటీ డెస్కుకు మెసేజ్ వెళ్లే నంబరు ఆమె ఫోన్‌లో ఉండాలి, ఆ డెస్కు ఫోన్ సైలెంట్‌లో ఉండకూడదు. బాత్రూముల దగ్గరా ఇదే చిక్కు. నొక్కితే మోగే బజర్ ఒకటి మెడలో వేసుకునేలా ఇవ్వండి. చాలామంది విజిల్ ఇస్తారు. స్వరపేటిక తీసేసిన మనిషికి ఊపిరి నోటి నుంచి రాదు, ఆ విజిల్ మోగదు. అలాంటివాళ్లకు స్పృహ తప్పితే ఆక్సిజన్ మాస్కు పెట్టాల్సింది మెడ రంధ్రం మీద. ఫస్ట్ ఎయిడ్ బృందానికి ఇది నోటితో చెప్పి ఊరుకోకుండా, ఆ మనిషి అనుమతితో కాగితం మీద రాసి పెట్టెలో ఉంచండి.

పని, అంచనా, ఫిర్యాదు

కాల్‌కు సగటున ఎన్ని నిమిషాలు, మీటింగ్‌లో ఎంత మాట్లాడారు లాంటి కొలతలు ఆమె అప్రైజల్‌లో ఉండకూడదు. పని నాణ్యత, గడువు చూడండి. మాట ఎక్కువ అవసరమయ్యే సమావేశాలు భోజనానికి ముందు పెట్టండి, కంటితో టైప్ చేసేవాళ్ల కళ్లు మధ్యాహ్నానికి అలసిపోతాయి. ఇంటర్వ్యూ, అప్రైజల్ ప్రశ్నలు ఒకరోజు ముందు ఇచ్చి, సమయం రెట్టింపు చేయండి.

ఫిర్యాదు సంగతి ముందే చూసుకోవాలి. పరికరంలో మాటలు ఇంట్లోవాళ్లో, థెరపిస్టో నింపి ఉంటే "నన్ను తాకారు", "బెదిరించారు", శరీర భాగాల పేర్లు, మేనేజర్ పేరు అందులో లేకపోవచ్చు. మాట లేకపోతే ఫిర్యాదూ ఉండదు. ఆ పేజీ ఉందో లేదో మీరు తెరిచి చూడకండి. ఉండాలని లయజన్ ఆఫీసర్ ద్వారా ఆమెకు చెప్పించండి, చేర్చుకోవడానికి తలుపు మూసిన గది, ఒంటరి సమయం ఇప్పించండి. లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే అంతర్గత కమిటీ ముందు ఆమె మాట్లాడాల్సి వస్తే, బోర్డు చదివిపెట్టే మనిషి ఆమె కోరుకున్నవాళ్లే అయి ఉండాలి. టీమ్ లీడ్‌గా మీకు ఆ బోర్డు ఎంత బాగా చదవడం వచ్చినా, ఆ గదిలో ఆ పనికి మీరు కూర్చోకూడదు.